నిమ్మచెట్టు మీద ఏకసభ్య కమిటీ

రాష్ట్రంలోని ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ ఏడాది పొడుగునా పచ్చగా ఉండి తీరాలని ఇన్‌చార్జి మంత్రిగారు హైదరాబాదులో ప్రకటించిన రోజున, సిద్దిపేటలో తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షలు నూట నలభయ్యో రోజుకు చేరుకున్నాయి. మంత్రిగారికి ఆ సంగతి తెలుసు. తెలుసు కనుకనే తెలంగాణ అన్న మాట నోటినుంచి జారకుండా ఇరవై నిమిషాలు పచ్చదనం గురించి మాట్లాడగలిగారు. అది అందరికీ చేతనయ్యే పని కాదు. "ఆఫీసులో అడుగుపెట్టిన పౌరుడి కంటికి మొదట ఫైలు కనిపించకూడదు, పచ్చదనం కనిపించాలి" అన్నారు. విలేకరులు రాసుకున్నారు. ఫైలు ఎప్పుడు కనిపిస్తుందని ఎవరూ అడగలేదు.

నాలుగో రోజుకు సర్క్యులర్ దిగింది. ఆవరణల్లో ఫలసాయం లేని చెట్లను తొలగించి, వాటి స్థానంలో ఆకు రాల్చని కంచె మొక్కలు నాటవలెను. నాటిన తర్వాత ఫొటో పంపవలెను. ఫొటో పంపిన తర్వాత నీళ్లు పోయవలెనా అన్నది అందులో లేదు.

మెదక్ రోడ్డు మీద, దీక్షా శిబిరం పక్కనే ఒక ఆఫీసు ఉండేది. అది ఏ శాఖదన్నది ఈ కథకు అక్కర్లేదు. పనిమీద లోపలికి పోయి వచ్చిన వాళ్లకు కూడా తెలిసేది కాదు. ఆ ఆవరణలో ఉన్నది ఒకటే చెట్టు, నిమ్మచెట్టు. దాన్ని పెట్టినవాడు మాలి అమీనుద్దీన్. పద్నాలుగేండ్ల కింద చేర్యాల నుంచి మోకాలెత్తు మొక్కను బస్సులో ఒళ్లో కూచోబెట్టుకుని తెచ్చాడు. కండక్టరు దానికి కూడా టికెట్టు కొట్టబోయాడని ఇప్పటికీ చెప్తాడు. అమీనుద్దీన్ నౌకరీ పద్నాలుగేండ్లుగా టెంపరరీ. చెట్టు మాత్రం పర్మనెంటయి, ప్రతి ఎండాకాలం రెండొందల కాయలకు తక్కువ కాకుండా కాస్తున్నది.

ఉద్యమం వచ్చాక చెట్టుకు హోదా పెరిగింది. రోజూ సాయంత్రం అయిదింటికి శిబిరంలో కూచున్న వాళ్లకు ఎవరో పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసేవాడు. ఆ నిమ్మకాయలు గోడ మీదుగా అందించేది అమీనుద్దీనే. తనూ మూడుసార్లు దీక్షలో కూచున్నాడు. మొదటిసారి దాన్ని రోజా ఉపవాసం అనుకుని తెల్లవారకముందే తిని, సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు మింగకుండా కూచున్నాడు. పక్కనున్నవాళ్లు మజ్జిగ ప్యాకెట్లు చింపుతుంటే తత్తరపడి ముఖం అటు తిప్పుకున్నాడు, పాపం వాళ్ల తప్పు తను చూసినట్టు కాకూడదని.

సర్క్యులర్‌ను అటెండరుతో రెండుసార్లు చదివించుకుని అమీనుద్దీన్ గుండె మీద చేయి వేసుకున్నాడు. ఫలసాయం లేని చెట్లు కదా. మనది కాస్తది కదా.

ఆఫీసరు నర్సింహ సారుకు చిక్కు అక్కడే వచ్చింది. ఆయనకు సరళరేఖలంటే ప్రాణం. గేటు నుంచి మెట్లదాకా కంచె ఒక్క గీత గీసినట్టు రావాలి, ఆ గీత మీదనే నిమ్మచెట్టు నిలబడి ఉంది. మామూలు ఆఫీసరయితే గొడ్డలి తెప్పించేవాడు. నర్సింహ సారు చట్టాన్ని గౌరవించే మనిషి.

"అమీన్, తొందరపడి నిర్ణయం తీసుకోను. కమిటీ వేస్తున్న" అన్నాడు.

"కమిటీల ఎవరెవరుంటరు సాబ్?"

"నేనొక్కణ్నే. ఎక్కువ మందైతే అభిప్రాయభేదాలొస్తయి."

"మరి రిపోర్టు ఎవరికిస్తరు?"

"నాకే సమర్పించుకుంట. నేను క్షుణ్ణంగా చదివి, నాతోని చర్చించి, పైకి పంపుత."

ఇంత న్యాయంగా ఆలోచించే సాబు కింద పని చేస్తున్నందుకు అమీనుద్దీన్‌కు ధైర్యం వచ్చింది.

రెండు రోజుల్లో కడియం నర్సరీ నుంచి లారీ దిగింది. నల్ల సంచుల్లో అరవై డురాంటా మొక్కలు, నాలుగడుగుల ఎత్తు, లోపలికి చేయి దూరనంత దట్టం. వాటిని చెట్టు పక్కన నిలబెట్టి, నడుమ కుర్చీ వేసుకుని, నర్సింహ సారు తులనాత్మక పరిశీలన మొదలుపెట్టాడు. అమీనుద్దీన్ చెట్టు తరఫున నిలబడ్డాడు.

"పచ్చదనం. డురాంటా ఆకు రాల్చదు. నిమ్మ?"

"గిది కూడ రాల్చదు సాబ్. పన్నెండు నెలలు పచ్చగనే ఉంటది."

"సమానం. కత్తిరింపు. డురాంటా ఎట్ల కత్తిరిస్తే అట్లనే ఉంటది. నిమ్మ?"

"కొమ్మ ఎటు పోవాల్నో గది దాని ఇష్టం సాబ్."

"క్రమశిక్షణ లోపం." సారు రాసుకున్నాడు. "ముండ్లు?"

"ఉన్నయి. కానీ తెలిసినోళ్లను గుచ్చయి."

"పక్షపాతం" అని రాసుకున్నాడు సారు. "ఇగ కాయలు. డురాంటాకు తినే కాయలు లేవు. అది మంచిదే. కాయలుంటే జనం లోపలికొస్తరు. నిమ్మకు?"

"రెండు వందల పద్నాలుగు సాబ్. పొద్దుగాల్నే లెక్కపెట్టిన."

సారు కలం ఆగిపోయింది. అన్నింట్లో గెలుస్తున్న కంచె ఈ ఒక్క గడిలో ఓడిపోతున్నది. సర్క్యులర్‌లో ఉన్నదీ ఈ ఒక్క గడే. ఆయన చాలాసేపు చెట్టువంక చూసి తీర్పును వాయిదా వేశాడు.

"పదిహేను రోజులు పక్కపక్కన పెట్టి పరిశీలిస్త. ఆఖరి రోజు కాయలు నేనే లెక్కపెడ్త. కాయ ఉంటే చెట్టు ఉంటది, కంచె దుబ్బాక ఆఫీసుకు పోతది. కాయ లేకుంటే చెట్టు పోతది, కంచె ఉంటది. రెండిట్ల ఒకటే. బడ్జెట్ల రెండింటికి జాగ లేదు."

"కాయలు ఏడికి పోతయి సాబ్?"

"ఎండాకాలం. ఏమన్నా కావొచ్చు" అన్నాడు సారు, ఆశగా.

ఆ మాటలోని ఆశ అమీనుద్దీన్‌కు వినిపించింది. తనకు తెలిసిన నాయకుడు ఒకడే ఉన్నాడు, గజేందర్. శిబిరానికి పోయాడు.

గజేందర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఉద్యమంలో మెట్లుంటాయి. దీక్షలో కూచునేది కింది మెట్టు. కూచున్న వాళ్లకు దండలు వేసేది నడిమి మెట్టు. సాయంత్రం వచ్చి నిమ్మరసం ఇచ్చేది పై మెట్టు. గజేందర్ ముప్పయ్యొక్కసార్లు కూచున్నాడు, ఎనిమిదిసార్లు దండలు వేశాడు. గ్లాసు మాత్రం ఒక్కనాడూ చేతికి రాలేదు. గ్లాసులు పై నుంచి వస్తాయి. పైవాళ్ల కంట్లో పడాలంటే గుంపులో కూచుంటే కాదు, ఒంటరిగా, దేనికోసమో, పెద్దగా కూచోవాలి. ఆ దేనికోసమో దొరక్క అతను కొన్నాళ్లుగా దిగులుగా ఉన్నాడు.

అమీనుద్దీన్ చెప్పిందంతా విని, "మొక్కలు ఏ ఊరివి చాచా?" అన్నాడు.

"కడియం కెళ్లి వచ్చినయి బేటా. లారీల."

గజేందర్ లేచి నిలబడ్డాడు. "ఆంధ్ర మొక్కలా? జాగ మనది, మన్ను మనది, బోరు నీళ్లు మనయి. మన నిమ్మచెట్టును పీకి, వాళ్ల కంచె మన నెత్తిన పెడ్తరా? చాచా, నువ్వు ఇంటికి పోయి నిమ్మలంగ పండు. నీ చెట్టు మీద ఆకు కదలాల్నంటే నా శవం మీద నడవాలె!"

శవం దాకా ఎందుకని అమీనుద్దీన్ అనబోయాడు, కాని అప్పటికే పక్కన చప్పట్లు మొదలయ్యాయి.

మరునాడు పదింటికి గజేందర్ ఆఫీసు ఆవరణలో, నిమ్మచెట్టు పక్కన చిన్న టెంటు వేయించి ఆమరణ నిరాహార దీక్షకు కూచున్నాడు. నర్సింహ సారు అభ్యంతరం చెప్పలేదు. సాయంత్రం అయిదు దాకా ఆయన ప్రభుత్వం, అయిదు తర్వాత మెడలో కండువా వేసుకుని ఉద్యమం. ఏ పూట ఏది చేసినా మనస్ఫూర్తిగా చేసేవాడు.

మొదటి రోజు మధ్యాహ్నం కష్టమయింది. ఆవరణకు పిట్టగోడే ఉంది. రోడ్డు మీద పోయే ప్రతి బస్సులోంచీ జనం గజేందర్‌ను చూసి దండం పెట్టారు. దండం పెట్టే జనం ముందు కనీసం బిస్కెట్టు కూడా కొరకలేం. పక్క హోటల్ నుంచి తాలింపు వాసన వస్తున్నది. ఒంటిగంటకు అతని ముఖం చూస్తే ఆమరణ అన్న మాట నిజమవుతుందేమోననిపించింది.

రెండింటికి నర్సింహ సారు, కంచె ఎట్లా కనిపిస్తుందో చూద్దామని, అరవై సంచులనూ చెట్టు చుట్టూ, టెంటు ముందు నుంచి, విల్లులాగా పేర్పించాడు. గజేందర్ కూచున్నచోటి నుంచి రోడ్డు మాయమయింది. బస్సు హారను వినిపిస్తున్నది, బస్సు లేదు. అతను ఆకుల్లోకి చేయి పెట్టి చూశాడు. చేయి దూరలేదు.

"సార్, ఇది ఎండలకు ఆకు రాలుస్తదా?"

"ఎవర్‌గ్రీన్. రాల్చదు."

"రోడ్డు మీదికెళ్లి చూస్తే నేను కనవడ్తనా?"

"నిలవడితే కనవడ్తరు. కూసుంటే కనవడరు."

గజేందర్ చాలాసేపు ఆలోచించాడు. నాయకులు ఆలోచించేటప్పుడు ముఖంలో ఒక ప్రశాంతత వస్తుంది. అది వచ్చింది.

"మొక్కలకు ప్రాంతం ఏంది సార్? పచ్చదనం అందరిదీ. కమిటీకి మేం పూర్తిగ సహకరిస్తం. పదిహేను రోజులు సంచులు గిట్లనే ఉండనీయుండ్రి. ఒక్కటి కూడ జరపొద్దు."

పరాయి మొక్క పట్ల కూడా ఇంత పెద్ద మనసు చూపిన గజేందర్‌ను చూసి అమీనుద్దీన్‌కు కళ్లు చెమర్చాయి.

ఆ సాయంత్రం నుంచి గజేందర్‌కు కుడిభుజమైన ఎల్లయ్య రోజుకు మూడుసార్లు మోపెడ్ మీద వచ్చేవాడు. ముందు ఒక స్టీలు డబ్బా, దాని మీద ఉద్యమం బ్యానరు కప్పి ఉండేది.

"ఏంది ఎల్లయ్యా గది?" అని అమీనుద్దీన్ అడిగాడు.

"కరపత్రాలు చాచా."

కరపత్రాలు వేడిగా ఉండేవి. ఎల్లయ్య డబ్బా తీసుకుని కంచె వెనక్కి పోయేటప్పుడు చెట్టు నుంచి అయిదారు కాయలు తెంపుకునేవాడు. ఒకనాడు పది. అన్నకు తలనొప్పిగా ఉందని, వాసన చూపిస్తే తగ్గుతుందని చెప్పేవాడు. కంచె వెనక తలనొప్పి ఉన్నవాళ్లు రోజురోజుకూ పెరిగారు. మండలాల నుంచి సంఘీభావం తెలపడానికి వచ్చిన వాళ్లంతా ముందు ఒంటిగంటకు గడియారం చూసుకుని, తర్వాత కంచె వెనక్కి పోయి సంఘీభావం తెలిపేవాళ్లు.

దవాఖాన నుంచి డాక్టరు రోజూ వచ్చి బరువు చూసి, బులెటిన్ రాసేవాడు. మొదటి రోజు డెబ్బయ్యొక్క కిలోలు. నాలుగో రోజు డెబ్బయి రెండు. తొమ్మిదో రోజు డెబ్బయి నాలుగున్నర. డాక్టరు కాంటా మార్చాడు. కొత్త కాంటా డెబ్బయి అయిదు చూపించింది. "పరిస్థితి నిలకడగా ఉంది, మెరుగుపడుతున్నది" అని రాసి సంతకం పెట్టాడు.

టీవీ రిపోర్టరు వినీత మైకు పెట్టి అడిగింది. "అన్నా, తొమ్మిది రోజుల్నుంచి ఏం తింటలేవు. బరువు పెరుగుడేంది?"

"ప్రజల అభిమానం చెల్లె" అన్నాడు గజేందర్. "దాని బరువు."

అమీనుద్దీన్ మాత్రం రోజూ పొద్దున్నే కాయలు లెక్కపెడుతున్నాడు. నూట యాభై. నూట పది. అరవై ఎనిమిది. పదకొండో రోజు కంచె వెనక చీపురు పెడితే పిండేసిన నిమ్మచెక్కలు, ఉల్లిగడ్డ చక్రాలు, నమిలి వదిలేసిన కోడి బొక్కలు బయటపడ్డాయి. ఇంటికి పోయి భార్య రబియాబీకి చెప్పాడు. ఇంకెవరికీ చెప్పలేదు.

రబియాబీ బియ్యం ఏరుతున్నది. చేట పక్కన పెట్టింది.

"దీక్షకు నిమ్మకాయ ఆఖరి రోజు ఒక్కటి గావాలె. గిది దీక్షనా, దావతా? పోయి సాబ్‌కు చెప్పు."

"చెప్తే గజేందర్ ఇజ్జత్ పోతది."

"వాని ఇజ్జత్‌తోని నీకేంది?"

"వానిదొక్కనిదే అయితే చెప్పేటోణ్ని. గోడ అవతల టెంటుల రోజూ ఎవరో ఒకరు కూసుంటున్నరు. దుబ్బాక మగ్గాల సాలోళ్లు వచ్చిన్రు, నారాయణరావుపేట రైతులొచ్చిన్రు. పస్తులున్నోళ్లు ఉన్నరు. రేపు టీవీల నిమ్మచెక్కలు చూపించి, వీళ్లంతా గిట్లనే అంటరు."

"మరి చెట్టు పోతే?"

అమీనుద్దీన్ చేట ముందుకు లాక్కుని మెరిగెలు ఏరడం మొదలుపెట్టాడు.

పన్నెండో రోజు గజేందర్ దగ్గరకు పోయి, చెప్పలేక చెప్పాడు. "బేటా, కాయలు జర తక్కువ వాడుండ్రి. పదిహేనో రోజు సాబ్ లెక్కపెడ్తడు. కాయ లేకుంటే చెట్టు పోతది."

గజేందర్ నొచ్చుకున్నాడు. "చాచా, నీ చెట్టు కోసం నా ప్రాణం ఇస్తున్న. కాయలదేముంది?"

అమీనుద్దీన్ పోయి మొక్కలకు నీళ్లు పెట్టాడు. ముందు చెట్టుకు, తర్వాత కంచెకు కూడా. అరవై సంచులు తన చెట్టును పోగొట్టడానికి వచ్చినవని తెలుసు. అయినా ఎండకు వాడుతుంటే చూడలేకపోయాడు.

ఈలోగా హైదరాబాదులో కలవరం మొదలయింది. దీక్షలో చిక్కిపోయేవాణ్ని ఏం చేయాలో ప్రభుత్వానికి తెలుసు. దవాఖానకు తరలించి సెలైన్ ఎక్కిస్తుంది. దీక్షలో బలిసేవాణ్ని ఏం చేయాలో ఏ మాన్యువల్‌లోనూ లేదు. ఇతను ఇట్లా ఎన్నేళ్లయినా కూచోగలడు. వెంటనే తేల్చమని నర్సింహ సారుకు ఫోను వచ్చింది.

పదిహేనో రోజు తెల్లవారుతుండగానే అమీనుద్దీన్ వచ్చి చెట్టు చుట్టూ తిరిగాడు. కొమ్మ కొమ్మా ఎత్తి చూశాడు. ముందునాడు మధ్యాహ్నం ఉన్న రెండు కాయలు కూడా రాత్రి కరపత్రాలతో పోయాయి. కంచె వెనకనున్న చెక్కలూ బొక్కలూ గంపకెత్తి, గుంత తీసి, కనబడకుండా పూడ్చేశాడు. పైన మన్ను సాపు చేసి కాలితో తొక్కాడు. మంత్రిగారు ప్రకటించిన పచ్చదనానికి ఆ ఒక్క గంపే అసలైన ఎరువు.

పదకొండింటికి జనం నిండారు. నర్సింహ సారు ఒక చేతిలో కమిటీ ఫైలు, ఇంకో చేతిలో బజారు నుంచి తెప్పించిన నిమ్మరసం గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"చెట్టు ఫలవంతమైనదని కమిటీ నమ్ముతున్నది. లెక్క ఒక్కటే మిగిలింది. గజేందర్ గారూ, దీక్ష విరమించండి" అని గ్లాసు చాచాడు.

గజేందర్ గ్లాసు అందుకోబోయి కెమెరా వంక చూశాడు. కెమెరా కూడా అతని వంకే చూస్తున్నది. అతని చేయి ఆగింది, గొంతు లేచింది.

"బజారు నిమ్మకాయనా? ఏ చెట్టు కోసం నా పేగులు మాడ్చుకున్ననో, ఆ చెట్టు కాయతోనే విరమిస్త! తెలంగాణ మీద ఒట్టు! వేరే చుక్క నా గొంతుల దిగదు! చాచా, ఒక్క కాయ తెంపు!"

చప్పట్లు ఆగడానికి నిమిషం పట్టింది. ఆగాక అందరూ అమీనుద్దీన్ చేతివంక చూశారు. చేయి లేవలేదు. నర్సింహ సారు ఫైలు తెరిచి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి ఎదురు తిరిగాడు. ఆయన ముఖంలో సరళరేఖ కనిపించింది.

"అమీన్, కాయలేవి?"

ఎల్లయ్య ఆకాశం చూశాడు. గజేందర్ ఎల్లయ్యను చూశాడు. రోజూ కంచంలో అంచుకు కూచున్న చెక్కలన్నీ కలిపితే ఎన్ని కాయలన్నది అతనికి అప్పుడే తట్టినట్టుంది.

అమీనుద్దీన్ చెట్టును చూశాడు. పిట్టగోడ అవతల టెంటులో, ఆ రోజు కూచున్న అయిదుగురూ మెడలు చాచి చూస్తున్నారు. పొద్దటి నుంచి ఏమీ తిననట్టే ఉన్నాయి వాళ్ల ముఖాలు.

"చెట్టు కూడ దీక్షల ఉన్నది సాబ్."

"ఏందీ?"

"గజేందర్ కూసున్న దినంకెళ్లి గిది కూడ కూసుంది. ఉన్న కాయలు ఇడిచిపెట్టింది, కొత్తయి పట్టలే. సంఘీభావం సాబ్."

గోడ అవతలి నుంచి ఎవరో "జై తెలంగాణ" అన్నారు. ఇవతలి వాళ్లు అందుకున్నారు. వినీత కెమెరాను గజేందర్ మీదినుంచి తిప్పి చెట్టు మీద పెట్టింది. ఎవరో గజేందర్ మెడలోని దండలు తీసి కొమ్మలకు వేశారు. నూట అరవై రోజుల ఉద్యమంలో ముండ్లున్న దీక్షాపరుణ్ని జనం చూడటం అదే మొదలు.

నర్సింహ సారు సర్క్యులర్ తిరగేశాడు. కాయని చెట్టును పీకమని ఉంది. కాయనని పట్టుబట్టిన చెట్టును పీకమని లేదు. పీకితే బందోబస్తు కావాలి, కాల్పులు కూడా జరగొచ్చు. ఆయన కలం తీసి నిండా ఆలోచించి రాశాడు: "ఫలసాయం కలదు. ప్రస్తుతం ఆందోళనలో ఉన్నది. చెట్టు ఉండవలెను. కంచెను దుబ్బాకకు తరలించవలెను."

"మరి దీని దీక్ష విరమింపజేయాలె గద సార్" అన్నారు జనం.

న్యాయమే. సారు వంగి, చేతిలోని గ్లాసు చెట్టు మొదట్లో పోశాడు. జనం తోసుకుంటూ ఫొటోలు తీసుకున్నారు. గజేందర్ ఎప్పటి నుంచో కలగన్న ఫొటో అది. అందులో అతని మోచేయి మాత్రమే పడింది. జనం నినాదాలు ఇచ్చుకుంటూ పోయారు. కూలీలు వచ్చి సంచులు లేపి లారీకెక్కించడం మొదలుపెట్టారు. ఒక సంచి లేచినప్పుడల్లా జానెడు రోడ్డు కనిపించింది.

"సార్... సార్, నా దీక్ష?" అన్నాడు గజేందర్.

జీపెక్కుతున్న నర్సింహ సారు వెనుదిరిగాడు. "ఆ చెట్టు కాయతోనే అన్నరు గదా. ఒట్టేసిన్రు. టీవీల కూడ వస్తున్నది."

లారీ కదిలింది. ఒంటిగంటకు రోడ్డంతా సాపుగా కనిపిస్తున్నది. రోడ్డు మీది నుంచి గజేందర్ కూడా అంతే సాపుగా కనిపిస్తున్నాడు. కరీంనగర్ బస్సు ఆగి, కిటికీల్లోంచి జనం చేతులెత్తి మొక్కారు. ఎల్లయ్య మోపెడ్ మలుపు దాకా వచ్చి, బస్సును చూసి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగిపోయింది.

గజేందర్ మొక్కుతున్న జనానికి మొక్కుతూనే, పెదవులు కదలకుండా అడిగాడు.

"చాచా... మల్ల కాయ ఎప్పుడు పడ్తది?"

అమీనుద్దీన్ పనిమంతుడు. అడిగినప్పుడు ఊరికే నోటికొచ్చింది చెప్పడు. ఒక రెమ్మ వంచి, కణుపులు తడిమి, ఆకాశం ఒకసారి చూసి, మనసులో నెలలు లెక్కపెట్టుకుని చెప్పాడు.

"వానలు పడాలె, పూత రావాలె, పిందె నిలవాలె. దసరా దాటుతది బేటా. దీపావళి అనుకో."